ఇన్నయ్యకు నచ్చని పాట

"అది పాట కాదబ్బాయ్. రేకుల షెడ్డు మీద రాళ్లవాన," అన్నాడు ఇన్నయ్య.

పిడుగురాళ్లలో బస్సెక్కి ఇంకా సీట్లో సర్దుకోనైనా లేదు, అప్పుడే అనేశాడు. ముందు సీట్లో చాంద్ బాషా ఒళ్లో టేప్‌రికార్డర్ పెట్టుకుని తుఫాన్ రాక్ వాళ్ల కొత్త క్యాసెట్ వింటున్నాడు. నరసరావుపేట వెళ్లే ఆ బస్సులో సగం మంది కూడా, ఇష్టం ఉన్నా లేకపోయినా, అదే వింటున్నారు. బాషా రేడియోలు బాగుచేసుకుని బతికేవాడు. తుఫాన్ రాక్ అంటే ప్రాణం. మనసు చివుక్కుమంది.

"మూడు గిటార్లు, జాజ్ డ్రమ్ములు, ఎకో మైకు. జిల్లాలో ఇంకెవరికుండయ్యి తాతా? ఎనభై ఆరొచ్చింది, ఇంకా పాత రోజుల్లోనే ఉన్నావు. వాళ్ల క్యాసెట్టు లేని కొట్టు ఒకటి చూపించు."

"కొట్లో అమ్మేదల్లా కళయితే బీడీకట్ట కూడా కళే."

బస్సు ఘొల్లుమంది. టిక్కెట్లు కొడుతున్న కండక్టరు, "ఇయ్యాల కూడా మొదలెట్టాడు పెద్దాయన," అనుకుంటూ వెనక్కి వెళ్లిపోయాడు.

కిటికీ పక్కన కరుణమ్మ టీచరు కూర్చుంది. ఆవిడ కూడా తుఫాన్ రాక్ అభిమానే. కాకపోతే బాషాలాగా గుడ్డి అభిమానం కాదు, తప్పులు పట్టే అభిమానం.

"మొదటి క్యాసెట్టులో ప్రాణం ఉండేది బాషా. ఆ గిటారబ్బాయి అప్పట్లో కళ్లు మూసుకుని వాయించేవాడు. ఇప్పుడు కళ్లు తెరిచి జనం ఎంతమంది వచ్చారో చూసుకుంటన్నాడు," అంది.

"జనం రావటం కూడా తప్పేనా టీచరమ్మా? ఎవరూ వినకపోతేనే గొప్ప పాటా ఏంది?"

ఇన్నయ్య మొహం వాడిపోయింది. "ఆ మాట నాకు తగిలిందిరా అబ్బాయ్," అన్నాడు. "ముప్పై ఏళ్లు నాటకాలకి హార్మోనీ వాయించా. పద్యం ఎత్తుకుంటే తెల్లారిందాకా జనం కదిలేవాళ్లు కాదు. పోయినేడు ఆడితే రెండో అంకానికి ముగ్గురు మిగిలారు. ఇద్దరు మైకుసెట్టోళ్లు."

"మూడో ఆయన?"

"మా ఆడది మార్తమ్మ. అదీ నిద్రపోతా ఉంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాషా టేపు ఆపేశాడు.

అప్పటిదాకా ఆరిపోయిన చుట్ట చేత్తో పట్టుకుని వింటున్న యల్లమంద ఇటు తిరిగాడు. వాళ్ల ఊరివాళ్లు ఏటా వెదుళ్లతో ఆకాశమంత ఎత్తున కట్టే ప్రభ పెత్తనం ఆయనది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో తమ ప్రభ ముందు ఏ కార్యక్రమం పెట్టించాలో తేల్చి, బయానా ఇచ్చి రమ్మని ఊరు ఆయన్ను పంపింది.

"మా ఊళ్లో ఇదే తగువు. ముసలోళ్లు నాటకమంటన్నారు, కుర్రోళ్లు తుఫాన్ రాకంటన్నారు. వారం నుంచి తెగలా. చివరికి, నీ ఇష్టం పో అని నా నెత్తిన రుద్దారు," అన్నాడు.

ఆ మాట వినగానే ఇన్నయ్య ఊగుతున్న బస్సులో లేచి నిలబడ్డాడు. కమ్మీ వదిలేసి రెండు చేతులూ జోడించాడు.

"ఒక్క ప్రభ ముందు ఆట ఇప్పించండయ్యా. నా హార్మోనీ పెట్టె తెరిచి ఏడాదయింది. తిత్తి ఎలకలు కొరికినయ్యి, ఎట్టాగో కుట్టించుకుంటా. ఆ పిల్లకాయలకి శృతి కూడా తెలవదు. మూడో పాటలో పాడేవాడి గొంతు జారింది, డ్రమ్ము కొట్టి కప్పెట్టారు. కావాలంటే వినండి. వెయ్యి బాషా."

బాషా బింకంగా మూడో పాట వేశాడు. మాట్లాడుకునేవాళ్లు మాటలు ఆపారు. నిజంగానే ఒకచోట గొంతు జారింది. వెంటనే డ్రమ్ము పడింది. వెనక సీట్లో మిరపకాయల కోతకు వెళ్లొస్తున్న ఆడవాళ్ల కాళ్లు వాటంతటవే తాళం వేశాయి. తప్పెక్కడుందో సరిగా వినపడలేదని ఎవరో అంటే బాషా మళ్లీ వేశాడు. మూడోసారి ఎవరూ అడగకుండానే వేశాడు.

"ఆ జారినచోటే బాగుంది," అంది కరుణమ్మ. "మొదటి క్యాసెట్టు గుర్తొచ్చింది."

"బాగుండటమేంది తల్లీ, అది తప్పు," అన్నాడు ఇన్నయ్య. ఆయన్ను పట్టించుకునేవాళ్లు లేరు.

నరసరావుపేట బస్టాండులో అందరూ దిగారు. యల్లమంద తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"నలభై ఏళ్లుగా నాటకాలు చూస్తన్నా. ఏ నాటకాన్నీ ఎవరూ ఇంత మంటగా తిట్టంగా వినలా. మడిసి కడుపు ఇంత రగిలిందంటే అందులో ఏదో ఉండబట్టే. మా ఊరోళ్లు చూడాల్సిందే," అని బాషా వైపు తిరిగాడు. "తుఫాన్ రాక్ ఆఫీసెక్కడబ్బాయ్?"

"నేను తీసకపోతా రా బాబాయ్."

"మరి నాటకం, అయ్యా?" అన్నాడు ఇన్నయ్య.

"వచ్చేడు చూద్దాంలే పెద్దాయనా."

వాళ్లిద్దరూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు. తిరునాళ్లకు మా పిల్లల్ని కూడా తీసుకొస్తానని కరుణమ్మ వెనకనుంచి కేకేసి చెప్పింది. ఇన్నయ్య సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు. బస్సులో తనన్న మాటల్లో ఒక్క అబద్ధం లేదు. హార్మోనీ నిజం, ఎలకలు నిజం, నిద్రపోయిన మార్తమ్మ నిజం. నిజం చెప్పినకొద్దీ జనం అటే పోయారు. ఇక్కడ తన వంక చూసేవాళ్లెవరూ లేరు, అయినా కన్నీళ్లు ఆగలేదు. తువాలుతో ఎంత తుడుచుకున్నా వస్తూనే ఉన్నాయి.

కాసేపటికి ఒళ్లంతా రంగులు పూసిన తుఫాన్ రాక్ వ్యాను వచ్చి బల్ల ముందు ఆగింది. అందులోంచి మేనేజరు నాగేశ్వరరావు దిగి, రోజూ ఇచ్చే పదినోటు ఇన్నయ్య జేబులో పెట్టి, నవ్వుతూ భుజం తట్టాడు.

"రేపు మాచర్ల బస్సులో ఇంకాస్త గట్టిగా తిట్టు, ఇన్నయ్యా."