మధ్యాహ్నానికి ముడుచుకునే పువ్వులు

తోట మలుపులో జీపు హారను మోగేసరికి పెద్దమ్మ గేటువైపు తిరిగింది. విరిగిన కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఊగుతుంటే, బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తింది.

జీపును మలుపులోనే ఆపి నడిచొచ్చిన డ్రైవరు గొళ్ళెం తీయబోతున్నాడు. ఆమె ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది.

"కళ్ళజోడమ్మాయిని పిలువు పెద్దమ్మా, తొందరగా. నేనింకా రెండు ఊళ్ళు తిరగాలి."

భయపడ్డంతా అయింది. తోటపనికి ఊరికే సాయం చేయడానికి వచ్చే పిల్లలకు గడువు ఒక్క నెల. ఆ అమ్మాయికి నిన్నటితో నిండిపోయింది. నెల నిండినవాళ్ళను ఎక్కించుకుపోయేది ఈ డ్రైవరే.

"ఇంకెక్కడి అమ్మాయి నాయనా! తెల్లవారుజాము బస్సుకే వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోయిందా? నాతో ఒక్క మాటైనా అనలేదే!"

"నీతో చెప్పి వెళ్ళడానికి నువ్వేమన్నా మేనమామవా?"

డ్రైవరు తల గోక్కున్నాడు. "ఆ పిల్లే లేకపోతే నాకిక్కడ పనేముంది" అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు. జీపు చప్పుడు పూర్తిగా అణిగిపోయేదాకా పెద్దమ్మ గొళ్ళెం వదల్లేదు.

వెనిల్లా పువ్వు తెల్లవారి విచ్చుకుంటే మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఆ తోటలో దాని మీద ఏ తేనెటీగా వాలదు. మనిషే ఒక చేత్తో పువ్వు పట్టుకుని, రెండో చేత్తో సన్నటి పుల్లపెట్టి లోపలి పొర ఎత్తి, పుప్పొడిని నొక్కాలి. నొక్కని పువ్వు మర్నాటికి రాలిపోతుంది. వారంపాటు పట్టిన ముసురుకు పూతంతా కుళ్ళిపోయి, ఈ ఏటికి మిగిలినవి ఇవాళ విచ్చుకున్నవే. 'ఈసారీ కాయ కనబడకపోతే తీగలన్నీ పీకించేస్తా, నీ దారి నువ్వు చూసుకో' అన్నాడు ఆసామి. ముప్ఫై ఏళ్ళుగా ఆ తోటలోనే ఉన్న మనిషికి ఇంకో దారి ఏముంటుంది?

మొత్తం ఆరు వరసలు. తోట చివర, పక్క పొలం మోటారు రొదలో, అమ్మాయి మొదటి వరస ముగిస్తోంది.

"ఎవరైనా వచ్చారా పెద్దమ్మా?"

"ఈ బురదలోకి ఎవరొస్తారు! నువ్వు చెయ్యి ఆపకు తల్లీ."

అమ్మాయి చెయ్యి ఆపలేదు. కానీ నాలుగు పువ్వులకొకసారి గేటువైపు చూస్తోంది. వెళ్ళిపోవాలని ప్రాణం కొట్టుకుంటోంది కాబోలు అనుకుంది పెద్దమ్మ. పాపం అనిపించింది. అయినా తర్వాతి తీగ ఆకులు తొలగించి చూపించింది.

ఎండ నెత్తికెక్కుతోంది. రెండో వరస అయింది. మూడో వరస సగంలో అమ్మాయి చెయ్యి విదిలించుకుంది.

"నావి రెండే చేతులు పెద్దమ్మా. ఇంతకంటే తొందరగా రావట్లేదు."

పెద్దమ్మ తనూ ఒక పుల్ల అందుకుంది. దాన్ని పళ్ళతో కరిచి, ఎడమచేత్తో పువ్వు పట్టుకుని మొహం దగ్గరికి చేర్చింది. పువ్వు చిరిగిపోయింది. ఇంకొకటి పట్టుకుంది. అదీ చిరిగిపోయింది. మూడోదాన్ని ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు.

నాలుగో వరస మొదట్లోనే పువ్వులు ముడుచుకోవడం మొదలైంది. చూస్తుండగానే ఒక్కొక్కటీ తల వాల్చేస్తోంది. అమ్మాయి పుల్ల కింద పడేసి, బురదలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊరుకో తల్లీ. ఆ మూడు వరసలైనా దక్కాయంటే నీ చలవే." పెద్దమ్మ పక్కనే చతికిలబడింది. ఇక దాచి లాభం లేదనిపించింది. "నన్ను తిట్టినా సరే, ఒక మాట చెబుతా. పొద్దున నీకోసం జీపు వచ్చింది. ఎక్కడ తీసుకుపోతాడోనని, నువ్వు వెళ్ళిపోయావని అబద్ధమాడి తిప్పి పంపేశాను."

అమ్మాయి ఏడుపు టక్కున ఆగింది.

"వస్తారో రారో అని నీతో చెప్పలేదు పెద్దమ్మా... నేను దగ్గరుండి నేర్పిస్తే పువ్వులు నొక్కడానికి, ఎనిమిదిమందిని రమ్మన్నాను. ఆ జీపులో వచ్చింది వాళ్ళే."