లాభం, రెండు, మూడు

మానిటర్ మీద పది చుక్కలు వరసగా పడ్డాయి. కింద OK.

ఒక్కో చుక్కా ఒక్కో టెస్ట్ పాసైనట్టు. అనూరాధకి వాటిని చూస్తుంటే కడుపు నిండిపోతుంది.

రుషికొండ ఆఫీసులో ఆమెకిది మూడో నెల. రాసింది చిన్న పైథాన్ ఫంక్షన్. "ఒకటి" అని ఇస్తే 1 ఇస్తుంది, "పది" అని ఇస్తే 10. ఫిషింగ్ హార్బర్లో ఆడవాళ్లు చేపల గంపలు లెక్కపెడుతూ పలికే మాటల్ని అంకెలు చెయ్యడానికి.

ఇవాళ ఇది నెగ్గితే ఉద్యోగం ఖాయం.

టీమ్ లీడర్ గురునాథరావు హార్బర్ నుంచి రాయించి తెప్పించిన అసలు లెక్క పెట్టి నడిపాడు.

మొదటి చుక్క పడాల్సిన చోట E పడింది. ఎర్రర్.

"గంపల లెక్కలో ఈ 'లాభం' ఏమిటమ్మా? ఎవరో పొరపాటున రాసుంటారు. తీసెయ్."

తీసేస్తే ప్రతి పడవకీ ఒక గంప తగ్గిపోతుంది. ఆ సంగతి ఆఫీసు మొత్తమ్మీద అనూరాధకొక్కదానికే తెలుసు.

ఒకటో తరగతిలో మాస్టారు లెక్కపెట్టమంటే "లాభం, రెండు, మూడు" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి ఆ మాట మళ్లీ అనలేదు. ఈ ఆఫీసులోనైతే 'సేపలు' అని నోరు జారకుండా మూడు నెలలుగా ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడుతోంది.

ఇప్పుడు చెబితే, నీకెలా తెలుసంటారు.

"అది తప్పు కాదు సార్. మొదటి గంపని ఒకటి అనరు, లాభం అంటారు. అలాగైతే కలిసొత్తాదని. మాయమ్మ హార్బర్లో సేపలమ్ముతాది."

అనేసింది.

ఎవరూ నవ్వలేదు.

గురునాథరావు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అయితే దానికో టెస్ట్ రాయి. ఇంకా ఏటేటి అంటారో సెప్పు."

ముందు టెస్ట్ రాసింది: "లాభం" అంటే 1 రావాలి. తర్వాత ఫంక్షన్ దిద్దింది.

పదకొండు చుక్కలు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి గంగాలమ్మ ఖాళీ గంప కడిగి బోర్లిస్తోంది. కూతురు ఆఫీసులో రోజూ పరీక్షలు రాస్తోందనే ఆమె నమ్మకం.

"ఇయ్యాల ఎన్ని పాసయ్యావే?"

అనూరాధ గుమ్మంలో చతికిలబడి, వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

"లాభం..."