బండి జబ్బు తెలిసినవాడు

ఆ కారు దొంగసొత్తేనని కోదండానికి బానెట్టు తెరవకముందే అనుమానం వచ్చింది. తెచ్చిన పెద్దమనిషికి బానెట్టు తెరవడం రాలేదు మరి!

కోదండం మెకానిక్ షెడ్డు పూతలపట్టు కూడలిలో ఉండేది. డెబ్బై తొమ్మిదిలో చిత్తూరు-తిరుపతి రోడ్డు మీద మొరాయించిన కార్లన్నీ అక్కడికే చేరేవి. శబ్దం విని జబ్బు చెప్పే చెవి తనదని కోదండానికి గర్వం. నాలుగో సిలిండరు గొణుగుడు వినిపించే ఆ చెవికి పెళ్లాం నాగులమ్మ పిలుపు మాత్రం వినిపించదని తనమీద తానే జోకు వేసుకునేవాడు.

పెద్దమనిషి కారును రెండుసార్లు ఎగిరించి, షెడ్డు గుంజకు తగిలించి ఆపాడు. పట్టు అంచు పంచె, మెడలో గొలుసు, ఒళ్లంతా చెమట. పేరు మునివెంకటప్ప, చిత్తూరులో బెల్లం మండీ అన్నాడు.

“తొక్కితే బండి ముందుకు పోకుండా తడబడతా ఉండాదప్పా. సూడు.”

“ఎన్నాళ్లుగా సామీ?”

“తెల్దు.”

“ఇంజను సల్లగా ఉన్నప్పుడా, కాగినాకనా?”

“అదంతా నాకెట్ల తెలుస్తాది? బాగు సేస్తావా, లేదా?”

కోదండం బండికి రెండడుగులు వెనక్కి జరిగాడు. కిందటేడు ఇలాగే ఎవరో తెచ్చిన దొంగబండికి తెలియక గేరుబాక్సు బాగు చేసి, రెండు రోజులు పోలీసు స్టేషనులో కూర్చున్నాడు. ఆ రెండు రోజుల్లో ఎస్సైగారి జీపు కూడా ఊరికే బాగు చేసిపెట్టాడు. మళ్లీ ఇరుక్కుంటే షెడ్డుకు తాళమేసి పుట్టింటికి పోతానని నాగులమ్మ అప్పుడే చెప్పేసింది.

“సామాను తెప్పించాల సామీ. గంట పడతాది. ఆ కుప్పమ్మ హోటల్లో టిఫిను సేసి రాండి” అని ఆయన్ను పంపేశాడు. నిజానికి సామాను అలమరలోనే ఉంది. ఆలోచించుకోవడానికి టైము కావాలి, అంతే. తన బుర్ర అంత తొందరగా పనిచేసేది కాదని కోదండానికీ తెలుసు.

పావుగంటకు తిరుపతి బస్సు వచ్చి ఆగింది. సన్నటి మనిషి ఒకడు దిగి, పరుగున వచ్చి, కారును చేత్తో నిమిరి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

“నా బండన్నా! నిన్న వడమాలపేటలో నిలిపి కాఫీ తాగొచ్చేలోపల ఎవుడో ఎత్తుకుపోయినాడు. ఇప్పుడు బస్సులోనుంచి కనిపిస్తే దిగేసినా.” పేరు ధనంజయ అన్నాడు.

కోదండం వెంటనే నమ్మలేదు. ఈసారి తెలివిగా ఉండాలనుకున్నాడు. కాగితాలు ఎవడైనా పుట్టిస్తాడు, బండి జబ్బును ఎలా పుట్టిస్తాడు? జబ్బు చెప్పగలిగినవాడే బండి గలవాడు. పోలీసులకు తట్టని ఉపాయం తనకు తట్టినందుకు తన బుర్రకు తానే దండం పెట్టుకున్నాడు.

“బండికి జబ్బేందో సెప్పు సూద్దాం.”

“మెల్లగా తొక్కితే నున్నగా పోతాదన్నా. తటాలున తొక్కితే ఒకటి, రెండు అనేంతసేపు తడబడి, ఆమీట ఎగిరి దూకతాది. సల్లగున్నా అంతే, కాగినా అంతే. వేగం అందుకున్నాక ఏ బాధా లేదు. నెలన్నర అయింది.” అంటూనే ధనంజయ బానెట్టు ఎడమ మూల పిడికిలితో ఒక్కటిచ్చాడు. అది టక్కున తెరుచుకుంది.

కోదండానికి ప్రాణం లేచివచ్చింది. పెట్రోల్లో చెత్త ఉంటే వేగంలోనూ లాగదు. తటాలున తొక్కినప్పుడే తడబడుతోందంటే కార్బొరేటర్లోని చిన్న పంపుదే తప్పు. తొక్కగానే కాస్త ఎక్కువ పెట్రోలు చిమ్మాల్సింది అదే. విప్పి చూస్తే, అనుకున్నట్టే, లోపలి రబ్బరు బిళ్ల చిరిగి ఉంది. కొత్తది వేసి బిగించాడు. ధనంజయ ఎక్కి తొక్కితే ఇంజను తడబడకుండా అందుకుంది.

కోదండం కూలి కూడా తీసుకోలేదు. దొంగబండి షెడ్డులో లేకపోతే పోలీసులు తన జోలికి రారని అతని లెక్క.

“నువ్వు పోప్పా. ఆ దొంగ సంగతి నేను సూసుకుంటా” అని రోడ్డుదాకా వచ్చి చెయ్యి ఊపి సాగనంపాడు.

మునివెంకటప్ప తీరిగ్గా మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. కోదండం ఆయన ఉత్తరీయం ఒడిసిపట్టుకున్నాడు. హోటల్లోని జనమంతా చేతులు కడుక్కోకుండానే చుట్టూ మూగారు.

“యాడికి పోతావు దొంగా! బండి గలాయన వచ్చి తీసుకపోయినాడు. జబ్బు పూస గుచ్చినట్టు సెప్పినాడు. నీకు బానెట్టు తెరిసేది గూడా రాలే!”

మునివెంకటప్ప ఖాళీగా ఉన్న షెడ్డుకేసి చూశాడు. “ఎవురు? సన్నంగా, పొడుగ్గా... ధనంజయనా?”

“ఆఁ, ఆయనే. నీకెట్ల తెలుసు?”

మునివెంకటప్ప పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు.

“పదైదేండ్లు నేను వెనక సీట్లో కూర్సోనుంటే ముందర కూర్సోని తోలింది వాడే గదప్పా, దొంగబుద్ధి బయటపడి మొన్ననే పనిలోనుంచి తరిమేసినా!”