మ్యాపు ఒక్కటే కొత్తది

"ఆ అప్‌గ్రేడ్ కొట్టొద్దు బాబూ."

నరేంద్రబాబు విసుగ్గా తల తిప్పాడు. మత్స్యకార సంఘం ఆఫీసు గుమ్మంలో ఎవరో ముసలాయన, భుజాన గుడ్డసంచి, చూపు కంప్యూటరు తెరమీద.

సముద్రంలో పడవలు ఎక్కడున్నాయో, ఏది ఆపదలో ఉందో చూపించేది ఆ ఆఫీసు కంప్యూటరే. ఉదయం నుంచి మ్యాపు ప్రోగ్రాం మొరాయిస్తోంది. దాని కొత్త వెర్షన్, ఆ కంప్యూటరును నడిపే లినక్స్ కొత్త విడుదలలోనే ఉంది. ఆఫీసులో ఉన్నది పాత విడుదల. అందుకే నరేంద్రబాబు, ప్రోగ్రాములు ఎక్కడినుంచి దించుకోవాలో చెప్పే జాబితాలో కొత్తదాని పేరు కూడా చేర్చాడు.

"ఎవరు నువ్వు? లోపలికి ఎవరు రమ్మన్నారు?"

"మాలకొండయ్యంటారు. మైపాడు పక్కన పల్లె. రెండు విడుదలలు కలిపితే ఏది యాడనుంచి రావాలో నువ్వే చెప్పాల. లేకుంటే వెర్షన్ నంబరు పెద్దదే వచ్చేస్తాది. అన్నీ మారిపోతాయి."

"పదేళ్లుగా చేస్తా ఉండాను. నాకు నేర్పేదానికి వచ్చినావా?"

"పిన్ ఫైలు రాయి బాబూ. నాలుగు లైన్లు. మ్యాపు ఒక్కటే కొత్తది, మిగతావన్నీ పాతవే అని. నేను రాసిస్తా."

ముసలాయన దగ్గరికొచ్చి కీబోర్డు వైపు చెయ్యి చాపాడు. నరేంద్రబాబు ఆ చేతిని విసిరికొట్టాడు.

"బయటికి పో."

"పడవలు సముద్రంలో ఉండాయి బాబూ."

రెక్క పట్టుకుని మెట్లు దింపి వచ్చి, నరేంద్రబాబు అప్‌గ్రేడ్ కొట్టాడు.

మ్యాపు వచ్చింది. దానిమీద ఒక్క పడవా లేదు. పడవల సంకేతాలు అందుకునే పాత ప్రోగ్రాం, కొత్తవాటితో పొసగక ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే పెంచల్ పడవ తిరగబడింది. అతనితో వెళ్లిన ఇద్దరూ ఖాళీ క్యాన్లు పట్టుకుని తేలుతూ మర్నాడు వేరే పడవవాళ్ల కంటబడ్డారు.

పెంచల్ దొరకలేదు.

"మావాళ్లు పడవలో ఆపద బటన్ నొక్కినారంట." పెంచల్ భార్య మస్తానమ్మ నరేంద్రబాబు చొక్కా పట్టుకుంది. "మిషను ముందర కూర్చోని నువ్వేం చూస్తా ఉండావు రా?"

నరేంద్రబాబుకి కోపం పొంగింది. అదంతా ముసలాయన మీదికి మళ్లింది. తెలిసినవాడు అంత మెత్తగా చెప్పి వెళ్లిపోతాడా? గుమ్మంలో అడ్డం పడుకోవద్దా?

మూడో రోజు బండేసుకుని మైపాడు వైపు వెళ్లాడు. అడిగితే మాలకొండయ్య ఇల్లు చూపించారు. వాకిట్లో చేపలు ఎండబెడుతున్న అతని భార్య ఆదిశేషమ్మ తలెత్తింది.

"మీ ఆయన్ని పిలవండి. పడవల ఆఫీసు కంప్యూటర్ సంగతి."

"లేడు నాయనా. ఇట్టాంటి కంప్యూటర్లుండే ఊళ్లన్నీ తిరగతా ఉంటాడు."

"ఏ కంపెనీ ఆయనది? నేను కొత్తదీ పాతదీ కలిపేస్తా ఉంటే, అంత తెలిసినోడు నన్ను కొట్టయినా ఆపాల గదా."

"కంపెనీ ఏం లేదు." ఆమె మళ్లీ చేపలవైపు వంగింది. "మా ఊరి ఆఫీసులో ఆయనే కూర్చునేవాడు. నాలుగేళ్ల కిందట ఇట్టే కొత్తదీ పాతదీ కలిపేసినాడు. ఆ పొద్దు సముద్రంలో ఉండింది మా బిడ్డే."