గబ్బిలానికి టోపీ

వదిన అంజాంగ్ తెచ్చిచ్చిన వెదురును మరిది పండక్ చీల్చగానే లోపల్నించి బొటనవేలంత గబ్బిలం బయటపడింది. ఆమె దాన్ని ఒడిసిపట్టి, ఆకుటోపీ పెట్టి, పగలబడి నవ్వింది.

"పిచ్చెక్కిందా వదినా? జంతువుని ఎగతాళి చేస్తే పిడుగు పడదూ!"

"పడనీ మరిదీ."

కొండ వెనక ఉరిమింది. పండక్ కత్తి చాపాడు. "నవ్వినవాళ్ళ జుట్టు నిప్పులో వేస్తేనే ఆగుతుంది. తొందరగా కొయ్యి!"

"పిడుగు కన్ను ఎప్పుడూ ఎత్తైనదాని మీదే. మొన్నటిదాకా అది పోయిన మీ అన్న నాటిన దురియన్ పండ్ల చెట్టు. దాన్ని నరికి ఇల్లేసుకున్నావుగా. ఇప్పుడిక్కడ ఎత్తైనది నీ ఇల్లే."

"నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్క వెంట్రుకైనా ఇవ్వు!"

అంజాంగ్ గబ్బిలాన్ని వదిలేసి తలగుడ్డ తీసింది. గుండు నున్నగా మెరిసింది.

"పొద్దున్నే గీయించుకున్నా."