చెవిన పడని కబురు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. గుణింతం తప్పితే సర్దుకోండి. కథ నెమ్మదిగా నడిస్తే కాస్త ఓపిక పట్టండి.

ఫోను పెట్టేసిన వెంటనే జానకి ఫోన్ల కొట్టు తలుపు దగ్గరగా వేసింది.

ఆమె మొగుడు పోలారావు సరుకుల ఓడలో కళాసీ. సోమాలియాలో ఒక రేవును మతం పేరు చెప్పి తుపాకుల వాళ్లు ఏలుతున్నారు. వాళ్లే ఆ ఓడను పట్టి ఉంచారు. వాళ్లను తరమడానికి పొరుగునున్న ఇథియోపియా సైన్యం వచ్చింది. ఆ కాల్పుల్లో ఓడ తగలబడింది.

"అన్నని అక్కడే ఇసకలో కప్పెట్టేసినాం వదినా," అన్నాడు ఫోనులో తోటి కళాసీ. కబురు రావడానికి నెల పైనే పట్టింది.

అది 2007 మాఘమాసం. బారువలో వాళ్లింటి ముందు పెళ్లిపందిరి వేసేశారు. తెల్లారితే ఆడపడుచు జయశ్రీకి పెళ్లి. మామగారు పోయినప్పుడు ఒకసారి ఆగిపోయిన పెళ్లి అది. మళ్లీ ఏడాది ఆగమంటే ఇచ్ఛాపురం మగపెళ్లివారు వేరే గుమ్మం చూసుకుంటారు.

చావు కబురు చెవిన పడితేనే మైల. పడనంతవరకు లేదు.

జానకి ఫోన్ల కొట్టు బంగారయ్య చేతులు పట్టుకుంది.

"మావా, నీకు దండమెడతాను. పెళ్లయ్యేదాకా మా అత్త సెవిన పడనీకు. మైలంతా నేనే మోత్తాను."

బంగారయ్య ఏదో అనబోయి ఆగిపోయాడు. "సరే, ఎల్లమ్మా," అన్నాడు తల దించుకుని.

ఇంటికొచ్చేసరికి అత్త బొడ్డమ్మ గాజులవాణ్ని అరుగు మీద కూర్చోబెట్టి ఉంది.

"ఏటే, మొగుడితో మాటాడితే పొద్దు తెలీదేటి? ఏటంతన్నాడు ఆడు?"

"ఓడ వదిలేత్తారట. వచ్చేత్తానన్నాడు."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు జానకికి తన నాలుక మీదే అసహ్యం వేసింది.

"మంచిదే. సెయ్యి సాపు."

"నాకెందుకత్తా? జయకి ఏయించు."

"దానిది అయిపోయింది. నువ్వు మోసేతి దాకా ఏసుకో."

"అన్నేత్తే అంట్లు తోమలేదు పెద్దమ్మా!" గాజులవాడు నవ్వాడు.

"నా కోడలు ఎప్పుడు తోమిందిలే! దానికి నోరే ఆడతాది, సెయ్యి ఆడదు."

అందరూ నవ్వారు. జానకీ నవ్వింది. నవ్వి, దొడ్లోకి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుంది.

సాయంత్రం పసుపు దంచాలి. బొడ్డమ్మ విధవ, రోలు ముట్టదు. ఆ ఇంట్లో మిగిలిన ముత్తయిదువ జానకి ఒక్కతే.

"తలనొప్పిగా ఉందత్తా. ఎవుళినైనా పిలుద్దాం."

"మొగుడు ఊళ్లో లేకపోతే రోకలి కూడా బరువైపోద్దేటే? మొదటి పోటు నువ్వే ఎయ్యాలి. నా పిల్లకి పరాయోళ్ల సెయ్యి వద్దు."

జానకి రోకలి ఎత్తింది. కళ్లు మూసుకుని, ఈ పాపం నాకే తగలనీ, ఆ పిల్లకి వద్దు అనుకుంటూ దించింది. మర్నాడు తనే హారతి పట్టింది, తనే పెళ్లికూతురికి పసుపు రాసింది. అత్త దూరంగా స్తంభానికి ఆనుకుని, పెళ్లికూతుర్ని వదిలేసి కోడలినే చూస్తూ నిలబడింది. అలా చూసినప్పుడల్లా జానకి మొహం తిప్పుకుంది.

పెళ్లివారి వ్యాను మలుపు తిరిగింది. దుమ్ము అణగక ముందే జానకి అత్త కాళ్ల మీద పడిపోయింది.

"అత్తా, నేను పాపిష్టిదాన్ని. తల్లివి, నీకు సెప్పకుండా దాసేసినాను. నీ కొడుకు…"

బొడ్డమ్మ కోడలి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నిన్ను ఫోనుకి పిలవకముందే బంగారయ్య నాకు సెప్పేసినాడే తల్లీ."

— సూరమ్మ, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉంటున్నది టెక్కలి.