ఖండిస్తేనే నీళ్లు

ఎవరినో ఒకరిని ఖండించనిదే బోరు మోటారు తిరగని రోజులవి. మోటారుకున్న మాట్లాడే మీట పెట్టెకు ఎవరి మీదైనా ఒక నేరం చెప్పాలి, ఒకసారి చెప్పినదాన్ని అది మళ్లీ ఒప్పుకోదు. అందుకే ఊళ్లో జనం నాట్లకు ఒకరికొకరు బదులు వెళ్లినట్టే నిందలకూ బదులు పెట్టుకున్నారు. ఇవాళ నన్ను నువ్వు తిట్టు, రేపు నిన్ను నేను తిడతా.

ఆ పొద్దున చెంచయ్య ఎండుతున్న నారుమడికి నీళ్లు పెడదామని వెళ్లేసరికి, పక్క చేను బావ పోలయ్య నిజంగానే అతని కాలవకు గండి కొడుతున్నాడు.

చెంచయ్య పెట్టె ముందు నిలబడి అరిచాడు. "పోలయ్య నా కాలవకు గండి కొట్టాడు!"

"ఈ నేరం పోయిన నెలలోనే చెప్పారు. కొత్తది చెప్పండి," అంది పెట్టె.

"అప్పుడు వట్టిదే తల్లీ, ఇప్పుడు కళ్లారా చూస్తున్నా!"

"కొత్తది చెప్పండి."

పోలయ్య పార భుజానేసుకుని జాలిగా దగ్గరికొచ్చాడు. "నీ కోడిపుంజును కోసుకు తిన్నానను బావా. అదింకా వాడలా."

"నాకు పుంజెక్కడిది?"

"దానికేం తెలుసు? అను, నారు వాలిపోతంది."

చెంచయ్య అన్నాడు. మోటారు గుర్రుమంది. నీళ్లు ఉరికొచ్చి, గండిలోంచి నేరుగా పోలయ్య మడిలోకి తిరిగాయి. చెంచయ్య పరుగున వెళ్లి బురద ఎత్తి గండి పూడ్చసాగాడు.

పోలయ్య ముఖం వెలిగిపోయింది. "నా మడికి నీళ్లాపుతున్నావు! బతికించావు బావా, రేపటికేం చెప్పాలా అని రాత్రంతా నిద్రలేదు."